‘మూడో తరం’ అంటే మూడో రకమా?

కడంబూరు, కోవిల్‌పట్టి పక్కల మన ఇళ్లలో పెద్దలు ‘‘మేము ఈ సీమకు వచ్చి ఎన్నో తరాలైంది’’ అంటారు. బడికి పోయే పిల్లల చెవికి ఆ ‘తరం’ వేరుగా వినబడుతుంది. తమిళంలో తరం అంటే నాణ్యం. విరుదునగరు అంగళ్లలో పప్పూ మిరపకాయలూ ‘ముదల్ తరం’, ‘రెండాం తరం’ అని అమ్ముతారు. ‘‘నువ్వు మా ఇంట్లో మూడో తరం’’ అని తాత ముద్దుగా అంటే, మనవడు తనను మూడో రకం సరుకు అన్నారనుకుంటాడు!

తెలుగులో తరం అంటే తండ్రి, కొడుకు, మనవడు అని నడిచే క్రమం. ‘నా తరమా?’ అన్నప్పుడు శక్తి అని అర్థం. మన పక్క ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ‘గోపల్ల గ్రామం’ నవలలో ఇటు వలస వచ్చిన తెలుగువారి కథే రాశారు. రాసింది తమిళంలో. తరానికి తమిళులు ‘తలైమురై’ అంటారు. తల, మురై కలిసిన మాట.

ఈ మురై దగ్గరే అసలు సంగతి ఉంది. మురై అంటే వంతు, పద్ధతి, చుట్టరికం కూడా. ‘మురైప్పెణ్’ అంటే మేనరికపు పిల్ల. తెలుగులో ఈ పని ‘వరుస’ చేస్తుంది. బారు తీరడం వరుస, ఒకరి తర్వాత ఒకరు రావడం వరుస, ‘‘ఆయన నీకు ఏ వరుస?’’ అంటే చుట్టరికం. గుమాస్తాగా ఏళ్ల తరబడి సీనియారిటీ లిస్టులు రాసిన చేయి కదా, ఈ మాట మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

రెండు భాషలూ చుట్టరికానికి క్రమం చెప్పే మాటనే పెట్టుకోవడం ఊరికే జరగలేదు. మన లెక్కలో చుట్టం అంటే వంశంలో ఎక్కడ నిలబడ్డాడన్నది. నాయన మెట్టు ఒకటి, నీ మెట్టు ఒకటి, నీ బిడ్డల మెట్టు ఒకటి. నీ మెట్టులోనే చిన్నాయన పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు. వరుస తెలిస్తేనే ఎలా పిలవాలో, పెళ్లి కుదురుతుందో లేదో తెలిసేది. వావీ వరుసా చూడమని పెద్దలు పట్టుబట్టేది ఇందుకే.

తమిళ ‘వరిసై’కి బారు అనే అర్థం ఉంది గానీ చుట్టరికం లేదు. పెళ్లిలో ‘సీర్ వరిసై’ అంటే పళ్లాల్లో పెట్టి తెచ్చే కానుకలు. అందుకే ‘‘వరుస కుదిరిందా?’’ అని అవ్వ అడిగితే మనవరాలికి సీరు సామాన్లు గుర్తుకొస్తాయి. మాట చేతిలోనే ఉంది, అర్థం జారిపోయింది. ఇలాంటి పోకను ఇంట్లో ఎవరూ గమనించరు.

బడి సంగతి తెలిసిందే. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి ఎక్కుతూ 2015-16కి పదో తరగతి చేరింది. ఇలా నడవడాన్నే తెలుగులో ‘అంచెలంచెలుగా’ అంటారు. అంచె అంటే టపా మోసేవాడు మారే చోటు. ఒకడు పరుగున వచ్చి మూటను ఇంకొకడికి అందిస్తాడు. మన పోస్టాఫీసు బోర్డు మీది ‘అంజల్’ దీనికి చుట్టమే. తిరువాంకూరు సంస్థానం తన టపాను ‘అంచల్’ అనే పిలిచింది. 1951లో అది భారత తపాలాలో కలిసింది.

మెట్టు కూడా అంతే. మనకు కాలు మోపే చోటు, తమిళంలో పాట బాణీ. వారి మెట్టు ‘పడి’.

‘తడవ’కు మాత్రం ఈ చిక్కు లేదు. మనం ‘‘రెండు తడవలు చెప్పాను’’ అంటాం, తమిళులు ‘తడవై’ అంటారు, అర్థం ఒకటే. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు ‘సారి’ అంటారు గనుక, తడవ తమిళమనుకొని మన పిల్లలు వాళ్ల ముందు ఆ మాట మింగేస్తారు. మింగనక్కరలేదు. తడవ అచ్చంగా తెలుగే, బ్రౌన్ దొర నిఘంటువులోనూ ఉంది.