కణానికి అందే కబురు

రొమ్ము క్యాన్సర్ అని తేలిన మనిషి బయాప్సీ రిపోర్టులో మూడు పేర్లు కనిపిస్తాయి: ఈఆర్, పీఆర్, హెర్-2. ఇంట్లోవాళ్లు ‘ఎన్నో స్టేజి?’ అని అడిగి ఊరుకుంటారు. మందు ఏదో చాలామట్టుకు తేల్చేవి మాత్రం ఈ మూడే.

ఇవి రిసెప్టర్ల పేర్లు, అంటే కబురు అందుకునే ప్రోటీన్లవి. హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, కానీ తగిన రిసెప్టర్ ఉన్న కణాలే దాని మాట వింటాయి. చికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివర్లో ఈ సంగతి పట్టుకున్నారు. రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన ఈస్ట్రోజెన్‌ను ఆడ ఎలుకపిల్లలకు ఇచ్చి చూస్తే, రక్తంలోంచీ కండరాల్లోంచీ అది త్వరగానే పోయింది. గర్భాశయంలో నిలిచిపోయింది. అక్కడ దాన్ని పట్టి ఉంచినదే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, రిపోర్టులోని ఈఆర్. పీఆర్ అలాగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌కు రిసెప్టర్.

ఈస్ట్రోజెన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి కణం పొరను ఇట్టే దాటేస్తుంది. కేంద్రకంలో రిసెప్టర్‌తో జతకూడి, డీఎన్‌ఏ మీద వాలి, కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. ఈఆర్ పాజిటివ్ అయినవాళ్లకు ఇచ్చే టామోక్సిఫెన్, బస్సు సీట్లో ముందే తువ్వాలు వేసినట్టు, రిసెప్టర్‌లో ఆ హార్మోన్ చోటును ఆక్రమిస్తుంది. రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్‌కు ఇక చోటు దొరకదు.

కణాలను పెరగమని చెప్పే గ్రోత్ ఫ్యాక్టర్ల దారి వేరు. స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే, రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. పళ్లూ ముందే వచ్చాయి. అందుకు కారణమైన 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీనే ఈజీఎఫ్. ఆ కృషికి 1986లో రీటా లెవి-మాంటల్చినీతో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈజీఎఫ్ బయటి నుంచే కబురు అందిస్తుంది. దాని రిసెప్టర్ పొరకు అడ్డంగా ఉంటుంది: ఒక కొస బయటికి, ఇంకో కొస లోపలికి. ఈజీఎఫ్ వచ్చి తగలగానే రెండు రిసెప్టర్లు జత కడతాయి. లోపలి కొసలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. ఆ గుర్తులు చూసి వేరే ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి, కబురు చేతులు మారుతూ కేంద్రకానికి చేరుతుంది: విభజన మొదలుపెట్టు! పని అయ్యాక కణం ఆ రిసెప్టర్‌ను లోపలికి లాక్కుని చాలావరకు కరిగించేస్తుంది. నా మటుకు ఇందులో అన్నిటికన్నా అబ్బురం ఇదే. ‘ఇక చాలు’ అనడం కూడా కణానికి తెలియాలి.

హెర్-2 ఈజీఎఫ్ రిసెప్టర్‌కు తోబుట్టువు. దానికి నేరుగా తగిలే గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ దొరకలేదు. ఎప్పుడూ జత కట్టడానికి సిద్ధంగానే ఉంటుంది. కొన్ని క్యాన్సర్లలో ఈ జన్యువు ప్రతులు పెరిగిపోయి, రిసెప్టర్లు పొర నిండా కిక్కిరిసి, కబురు రాకుండానే జత కట్టేస్తాయి. ఇలాంటివాళ్లకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని 1987లో డెనిస్ స్లామన్ బృందం చూపింది. హెర్-2 బయటి కొసను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకప్పుడు హడలెత్తించిన రకానికి ఇవాళ గురిచూసి కొట్టే మందుంది. మన దేశంలో 2014లో బయోకాన్ కంపెనీ ఆ మందుకు తన రూపం తెచ్చాక ధర కొంత తగ్గింది.

ల్యాబ్‌లో రంగు వేసి చూస్తే, హెర్-2 నిండిన కణాల చుట్టూ ముదురు గోధుమరంగు గీత కడుతుంది. అది 3+. రిపోర్టులో 2+ అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం, జన్యువు ప్రతులు లెక్కించే ఫిష్ పరీక్ష చేయించాలి. ఖర్చు చూసి దాన్ని వదిలేస్తే, పనిచేసే మందు ఉండి కూడా ఆ రోగికి అందకపోవచ్చు.