ఆదాయపు అంచనా - మంచి యేటి పొదుపు

రైతు ప్రతి సంవత్సరమును ఒక అంచనాతో ప్రారంభించును. ఇంత పండును, ఇంత ధర పలుకును, ఇంత అప్పు తీరునని లెక్క వేసికొనును. ప్రభుత్వములును ఇట్లే రాబడిని అంచనా వేసి ఖర్చులు నిర్ణయించును. ఆ అంచనా తప్పినచో కుటుంబముల గతి యేమగునో తెలుపుటకు ఐర్లండు దేశమును ఉదాహరణముగా గైకొందుము. 2006లో దాని జనసంఖ్య సుమారు 42 లక్షలు. మన సభ్యులకు ఆ దేశము పరాయిది కాదు. హొరేసు ప్లంకెట్టుగారి ప్రోత్సాహమున 1889లోనే అచటి రైతులు వెన్న తీయుటకు సహకార సంఘము నెలకొల్పుకొనిరి.

2000 తరువాత ఐర్లండులో ఇండ్ల ధరలు ఏటేట పెరిగెను. బ్యాంకులు ధారాళముగా అప్పులిచ్చెను. పనివారిలో ఎనిమిదింట ఒకరు కట్టడపు పనిలో నుండిరి. ఇల్లు చేతులు మారినప్పుడెల్ల సర్కారునకు స్టాంపు సుంకము చేరెను. 2006లో అన్ని విధముల స్టాంపు సుంకము కలిసి సుమారు 370 కోట్ల యూరోలు. బడ్జెటులో మిగులు కనబడుటచే పలువురికి అనుమానము కలుగలేదు. హెచ్చు ధరల వలన వచ్చిన ఈ రాబడిని స్థిరాదాయముగా నెంచి, శాశ్వతమైన ఖర్చులను పెంచిరి. మిరపకు ఒక యేడు మంచి ధర వచ్చినదని, ఆ ధరనే నమ్మి పదేండ్ల వాయిదాల అప్పు చేయుట యిట్టిదే.

2008వ సంవత్సరమునకు పన్నుల వలన సుమారు 4,900 కోట్ల యూరోలు వచ్చునని అంచనా వేసిరి. వచ్చినది 4,100 కోట్లు మాత్రమే. 2009లో అది 3,300 కోట్లకు దిగెను. ఇండ్ల పని ఆగిపోగా, 2007లో నూటికి అయిదుగురుగా నున్న నిరుద్యోగులు 2012 నాటికి సుమారు పదునైదుగురైరి. ఎందరో యువకులు పరదేశములకు వలసపోయిరి.

ఇచ్చట పొదుపును గూర్చి ఒక సూక్ష్మము గలదు. పని పోవునను భయముచే కుటుంబములు ఖర్చులు తగ్గించి, సొమ్ము నిలువ చేయుటకును, అప్పులు తీర్చుటకును పూనుకొనిరి. ఏ యింటికి ఆ యింటికిది వివేకమే. కాని అందరును ఒక్కసారిగా చేయి బిగించుటచే అంగళ్లలో అమ్మకములు తగ్గెను. అచట పనిచేయువారికి పని పోయెను. సర్కారు పన్ను మరింత తగ్గెను. ప్రభుత్వమును అదే సమయమున జీతములు తగ్గించి పన్నులు పెంచవలసి వచ్చెను. ఒకరి ఖర్చే మరియొకరి కూలి గదా!

బ్యాంకుల నష్టములు కూడ తలకెత్తుకొనుటచే, 2010 చివర 8,500 కోట్ల యూరోల సహాయపు ఏర్పాటు అవసరమయ్యెను. అందులో 1,750 కోట్లు ఐర్లండు సొంత నిలువలే. వృద్ధుల పింఛనుల కొరకు 2001 నుండి కూడబెట్టిన నిధియే అందులో ముఖ్యభాగము. ఆపదలో ఆదుకొన్నది ఆ మంచి యేండ్ల పొదుపే. కాని పింఛనులకై దాచినది బ్యాంకుల పాలయ్యెను.

పిదప ఆ దేశము మేలుకొనెను. సర్కారు అంచనాలను పరిశీలించుటకు 2011లో స్వతంత్ర మండలి యేర్పడెను. కంపెనీల పన్ను రాబడి మిక్కుటముగా పెరిగియుండగా, 2024లో శాసనము చేసి భావికాలపు నిధి నొకదానిని స్థాపించిరి.

కావున మేము సభ్యులకు మనవి చేయునదేమనగా: సంసారపు అంచనాను సామాన్యపు యేటి పంటను, సామాన్యపు ధరను బట్టి వేయవలెను. హెచ్చుగా వచ్చినదానిని వాయిదాల అప్పునకు ఆధారము చేసికొనక, సంఘమున డిపాజిట్టు చేయవలెను. పొదుపు కరవునాడు ఆరంభింపదగినది కాదు. సుభిక్షమున గాదె నింపుకొన్నవాడే దుర్భిక్షమున తాను తిని, విత్తనము చల్లి, కూలివానికి పని యీయగలడు.