సాపిండ్యము - శరీరావయవాన్వయము

పిండశబ్దమునకు శ్రాద్ధమున నొసగు పిండమని జీమూతవాహనుడు దాయభాగమున గ్రహింపగా, విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు శరీరమనియే అర్థము చెప్పెను. తల్లిదండ్రుల శరీరావయవములు సంతానమున అనువర్తించుటయే సాపిండ్యమని ఆయన మతము. నేటి జీవశాస్త్రము చెప్పు డి.ఎన్.ఎ. సంక్రమణమునకు ఇది సమీపముగా నున్నది. అంతమాత్రమున ప్రాచీనులు డి.ఎన్.ఎ.ను ఎరుగుదురనుట సాహసము.

శిశువునకు 46 క్రోమోజోములు. తల్లినుండి 23, తండ్రినుండి 23. వీనిలో వై క్రోమోజోము తండ్రినుండి కుమారునకే సంక్రమించును. మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ. తల్లినుండి వచ్చును. గోత్రము పితృరేఖను మాత్రమే అనుసరించును. తల్లిదండ్రులను మొదటి తరముగా లెక్కించినచో ఏడవ తరమున పూర్వుల స్థానములు 128. గోత్రము వానిలో ఒక్కదానినే తెలుపును. పైగా వివాహమున కన్యకు, దత్తతయందు పుత్రునకు గోత్రము మారును, డి.ఎన్.ఎ. మారదు.

మన మేనరికమును చూడుడు. బౌధాయనుడే మాతులకన్యా వివాహమును దాక్షిణాత్యుల ఆచారముగా పేర్కొనెను. మేనమామ కూతురు అన్యగోత్రజ. ఐనను వరునితో ఆమెకు ఉమ్మడియైన డి.ఎన్.ఎ. సగటున ఎనిమిదవ వంతు; అక్క కూతురైనచో నాలుగవ వంతు. గోత్రము వేరు గదా యని పెద్దలు నిశ్చింతగా నుందురు. మితాక్షర మాతృపక్షమున ఐదు తరములు వర్జింపుమన్నది శరీరసంబంధమును బట్టియే కాని గోత్రమును బట్టి కాదు. తాతనుండి వచ్చిన ఒకే జన్యుదోషము దంపతులిరువురియందును అణగియున్నచో, పుట్టు ప్రతి శిశువునందును అది వ్యాధిగా బయటపడుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు.