రగ్బీ హైదరాబాద్‌కు వస్తే మనవాళ్లు స్టేడియానికి వెళ్తారా?

హైదరాబాద్ పేరుతో ఒక రగ్బీ జట్టు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. దాని పేరు హైదరాబాద్ హీరోస్. 2025 జూన్‌లో మొదటిసారి జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడాయి. విదేశీ ఆటగాళ్లు మన దేశం కుర్రాళ్లతో కలిసి మైదానంలోకి దిగారు. కానీ మ్యాచ్‌లన్నీ ముంబైలోని అంధేరిలోనే జరిగాయి. హైదరాబాద్ హీరోస్ ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

రేపు ఆ మ్యాచ్‌లో, ఇంకేదైనా అంతర్జాతీయ రగ్బీ పోటీయో గచ్చిబౌలికి వస్తే? స్టేడియం నిండుతుందా? "క్రికెట్ కాకపోతే ఎవడు చూస్తాడు" అని కొట్టిపారేయడం తేలికే. హైదరాబాద్ ఆటల చరిత్ర చూస్తే మాత్రం ఆ మాట పూర్తిగా నిజం కాదు.

ముందు ఆట సంగతి

లీగ్‌లో ఆడేది సెవెన్స్ రగ్బీ, అంటే జట్టుకు ఏడుగురు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది కూడా ఇదే. మామూలు సెవెన్స్ మ్యాచ్ ఒక్కో సగం ఏడు నిమిషాలు, మొత్తం 14 నిమిషాల్లో ముగుస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తి, ఎదుటివాళ్ల గీత దాటి నేలకు ఆనిస్తే 5 పాయింట్లు. దాన్ని ట్రై అంటారు. ఆ తర్వాత బంతిని హెచ్ ఆకారపు స్తంభాల మధ్య నుంచి పైకి తంతే ఇంకో 2. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయొచ్చు, కానీ మెడ మీద చెయ్యి వేస్తే తప్పు.

కబడ్డీ చూసి పెరిగినవాళ్లకు పట్టుకోవడం, విడిపించుకుని గీత చేరడం కొత్త విషయాలు కావు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో కబడ్డీ తెలిసిన కుర్రాడికి రగ్బీ అర్థం కావడానికి రెండు మ్యాచ్‌లు చాలు.

మన ఇళ్లలో కొందరికి ఈ ఆట పేరు ఇంకో దారిలో తెలుసు. న్యూజిలాండ్ ఆటగాడు సోనీ బిల్ విలియమ్స్ 2009లో ఇస్లాం స్వీకరించారు. 2011లో, 2015లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నారు. 2017లో తన జెర్సీ కాలర్ మీద ఉన్న బ్యాంకు లోగోను కప్పేసి ఆడి, వడ్డీ వ్యాపారానికి ప్రచారం చేయలేనని చెప్పారు. దుబాయ్‌లో పనిచేసే మనవాళ్లలోనూ ఏటా అక్కడ జరిగే సెవెన్స్ పోటీ సంగతి విన్నవాళ్లుంటారు.

రెండు ఊళ్లు, రెండు కథలు

భారతదేశంలో రగ్బీ కొత్తది కాదు. 1872లోనే కలకత్తాలో ఇంగ్లిష్‌వాళ్లు మ్యాచ్ ఆడారు, మరుసటి ఏడాది క్లబ్ పెట్టుకున్నారు. కొన్నేళ్లకే రగ్బీ తెలిసిన సైనికుల దళం అక్కడి నుంచి వెళ్లిపోయింది, మిగిలినవాళ్లు టెన్నిస్, పోలో వైపు మళ్లారు. క్లబ్ మూతపడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండ్‌కు ఇచ్చేశారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఈ రోజుకీ పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే. కప్పు మిగిలింది, అప్పటి క్లబ్ మిగల్లేదు. ఆడినవాళ్లూ చూసినవాళ్లూ ఎక్కువగా బయటివాళ్లే కావడంతో అప్పట్లో వాళ్లతోపాటే ఆటా వెనకబడింది.

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ కథ దీనికి పూర్తిగా వేరు. టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటి ఆటగాళ్లు మన మొహల్లాల వాళ్లు. బార్కస్‌లో ఈ రోజుకీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పక్కింటి అబ్బాయి ఆడుతుంటే చూడ్డానికి జనాన్ని ఎవరూ పిలవక్కర్లేదు.

మరి ఇప్పుడు ఏం అడ్డం?

2024లో గచ్చిబౌలిలో భారత ఫుట్‌బాల్ జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. సెప్టెంబర్ 3న మారిషస్‌తో 0-0 డ్రా, 9న సిరియా చేతిలో 0-3 ఓటమి, నవంబర్ 18న మలేసియాతో 1-1 డ్రా. ఒకటి మంగళవారం, రెండు సోమవారాలు. మొదటి మ్యాచ్ నాటికి రెండు తెలుగు రాష్ట్రాలూ వరదలతో అల్లాడుతున్నాయి.

దూరం కూడా చూడాలి. ఒకప్పటి ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం, ఊరి మధ్యలో ఉంది. గచ్చిబౌలి స్టేడియం చార్మినార్‌కు దాదాపు 20 కిలోమీటర్లు. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటో పట్టాలి. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ తొమ్మిదిన్నరకు ముగిస్తే, పిల్లలతో ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. మర్నాడు స్కూలు. పైగా సెప్టెంబర్‌లో మగ్రిబ్ దాదాపు ఆరున్నరకు. నమాజు చేసుకుని పాతబస్తీ నుంచి బయలుదేరితే మొదటి సగం ట్రాఫిక్‌లోనే పోతుంది.

ఇవన్నీ చూస్తే ఇంట్లో ఆగిపోయినవాళ్లందరికీ ఆటంటే ఇష్టం లేదనడం సరికాదు. చాలామందికి వెళ్లి రావడం కుదరదు, అంతే.

ఇంకో నష్టం కూడా ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కోవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, కాబట్టి నగరం తన విజేతలను టీవీలోనే చూసింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. జట్టుకూ ఊరికీ బంధం గట్టిపడకముందే తెగిపోతే, తర్వాత వచ్చే జట్టును జనం నమ్మడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఆ భారం రేపు రగ్బీ మీదా పడుతుంది.

నంద్యాల నుంచి చూస్తే

నంద్యాల నుంచి హైదరాబాద్ దాదాపు 290 కిలోమీటర్లు. ఒక్క 14 నిమిషాల మ్యాచ్ కోసం ఎవరూ అంత దూరం పోరు. కానీ సెవెన్స్ పోటీ అంటే రోజంతా మ్యాచ్ మీద మ్యాచ్. అది శని, ఆదివారాల్లో, పగటిపూట పెడితే బంధువుల ఇంట్లో దిగి పిల్లలకు చూపించి రావచ్చు.

సౌకర్యం ఏం చేస్తుందో ఈ జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు లక్షల ఏళ్లుగా ఉన్నాయి. వాటి పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లకు దారి వేసి, లైట్లు పెట్టి 2002లో తెరిచాకే కుటుంబాలు రావడం మొదలైంది. అంతకుముందూ గుహలు అవే, లోపలికి దిగే వీలు లేదు.

బిహార్‌లోని రాజ్‌గిర్ చిన్న ఊరు. 2025 ఆగస్టులో అక్కడ ఆసియా అండర్-20 రగ్బీ సెవెన్స్ జరిగింది. కొద్దిరోజులకే మొదలైన ఆసియా కప్ హాకీకి టికెట్ లేకుండా ప్రవేశం ఇచ్చారు. ఆట కొత్తదైనప్పుడు జేబు చూసుకోకుండా లోపలికి రానివ్వడం తెలివైన పద్ధతి.

మనవాళ్లు రావాలంటే

వారాంతపు పగటి మ్యాచ్‌లు, స్కూలు పిల్లలకు ఉచిత ప్రవేశం, పాతబస్తీ నుంచి ప్రత్యేక బస్సులు, ఆడవాళ్లూ పిల్లలూ నిశ్చింతగా కూర్చునే ఫ్యామిలీ స్టాండ్, శుభ్రమైన బాత్‌రూమ్‌లు, నమాజుకు కాస్త చోటు. వీటికి కోట్లు అక్కర్లేదు. వీటన్నిటికంటే ముఖ్యం, మైదానంలో మన పిల్లలు కనిపించడం. బడుల్లో, మొహల్లా గ్రౌండ్లలో రగ్బీ బంతి తిరిగితే ఐదేళ్ల తర్వాత చూసేవాళ్లు వాళ్ల అమ్మానాన్నల నుంచే మొదలవుతారు.

నిర్వాహకులు ఇవేవీ చేయకుండా ఒక్క సోమవారం రాత్రి మ్యాచ్ పెట్టి, ఖాళీ కుర్చీలు చూపించి "హైదరాబాద్‌కు రగ్బీ అక్కర్లేదు" అంటే, ఆ తీర్పు ఆటకూ అన్యాయమే, జనానికీ అన్యాయమే.