మీకు తెలుసా? పట్టు పట్టడమూ ఒక స్నానమే

మకర సంక్రాంతి నాడు తెల్లవారుజామున జంషెడ్‌పూర్‌లో సోనారీ వైపు వెళ్తే, ఖర్కాయీ వచ్చి సువర్ణరేఖలో కలిసే దోముహానీ దగ్గర జనం వణుక్కుంటూ నీళ్ళలోకి దిగుతుంటారు. టుసూ పండుగ చేసుకునేవాళ్ళు చౌడల్‌లనే రంగుకాగితాల పల్లకీల్లాంటివి నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ వస్తారు. మన తెలుగువాళ్ళకూ సంక్రాంతి పెద్ద పండుగే కనుక ఆ గుంపులో తెలుగు మాటలూ చెవిన పడతాయి. ఇంత చలిలో ఈ మునకేమిటని అడిగితే ‘పండగ కదా’ అంటారు. అంతకుమించి చెప్పరు, చెప్పనక్కర్లేదు కూడా.

జపాన్‌లో ఇలాంటి మునకను మిసోగి అంటారు. ఐకిడో అనే యుద్ధవిద్యను స్థాపించిన మోరిహే ఉయేషిబా తన విద్య ఆసాంతం మిసోగే అని చెప్పేవాడు. మణికట్టు మెలిపెట్టి మనిషిని పడేయడం స్నానమెలా అవుతుంది? దోముహానీ గట్టు మీద నిలబడి ఆలోచిస్తే అదేమంత వింతగా అనిపించదు.

ఒక దేవుడు చేసిన చావు స్నానం

712లో పూర్తయిన కొజికి జపాన్ పురాణగాథలకు మూలగ్రంథం. మిసోగి కథ అందులోదే. ఇజానామి అనే దేవత అగ్నిదేవుణ్ణి కంటూ ఒళ్ళు కాలి చనిపోతుంది. భర్త ఇజానాగి ఆమె కోసం మృతలోకానికి వెళ్తాడు. ‘నన్ను చూడకు’ అని ఆమె చెప్పినా వినకుండా, దువ్వెన పన్ను విరిచి వెలిగించి చూస్తాడు. కుళ్ళిపోతున్న దేహం కనబడుతుంది. పరుగు పరుగున బయటపడి, ఒంటి మీద ఉన్నదంతా విసిరేసి ఏట్లో దిగుతాడు.

ఇక్కడో చిన్న ముచ్చట. పైన నీటి వడి ఎక్కువ, కింద మరీ మందం అనుకుని ఆయన నడి ఏటిని ఎంచుకుంటాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అలా మునిగి ఎడమ కన్ను కడుక్కుంటే సూర్యదేవత అమతెరాసు పుట్టింది, కుడి కన్ను కడుక్కుంటే చంద్రుడు, ముక్కు కడుక్కుంటే తుఫానుల దేవుడు సుసానో. మన ఇళ్ళలో శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు గడప తొక్కకముందే తల మీద నీళ్ళు పోసుకుంటారు. ఇజానాగి చేసిందీ అదే. కాకపోతే ఆయన పోసుకున్న నీళ్ళకు దేవుళ్ళు పుట్టారు.

‘కెగారె’కు తెలుగులో సరైన మాట ఉంది

జపాన్ సంప్రదాయ మతమైన షింతోలో వదిలించుకోవలసిన దాన్ని కెగారె అంటారు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని వివరించడానికి పేజీలు పేజీలు ఖర్చుపెడతాయి. మనకు ఒక్క మాట చాలు: మైల. చావు మైల, పురుటి మైల ఎరిగినవాడికి, కెగారె మనిషి చేసిన తప్పు కాదనీ, అంటుకున్నదనీ, కడిగితే పోతుందనీ వేరే చెప్పాలా?

పాపప్రక్షాళన లెక్క వేరు. మన ధర్మసూత్రాలు ఋగ్వేదం పదో మండలంలోని 190వ సూక్తాన్ని, అంటే అఘమర్షణ సూక్తాన్ని, నీళ్ళలో మునిగి మూడుసార్లు జపించమన్నాయి. అఘం అంటే పాపం. జపాన్ వాళ్ళకూ పాపాల చిట్టా లేకపోలేదు. ఏటా జూన్ 30న, డిసెంబర్ 31న గుళ్ళలో మహాశుద్ధి మంత్రం చదువుతారు. ఆ మంత్రంలో దోషాల ప్రయాణం తమాషాగా ఉంటుంది. ఏటి ఉరవడిలోని దేవత వాటిని సముద్రానికి చేరుస్తుంది, సముద్రదేవత గుటుక్కున మింగుతుంది, ఇంకో దేవత పాతాళానికి ఊదేస్తుంది, అక్కడి దేవత వాటిని పట్టుకు తిరుగుతూ ఎక్కడో పారేసుకుంటుంది. శిక్ష ఊసే లేదు. ఈ పారేసుకోవడం నాకు మహా ఇష్టం.

ఉప్పు అక్కడా ఉప్పే

జపాన్‌లో చావుకు వెళ్ళినవాళ్ళకు చిన్న పొట్లంలో ఉప్పు ఇవ్వడం ఆచారం. ఇంట్లోకి అడుగు పెట్టేముందు ఒంటి మీద చల్లుకుంటారు. సుమో మల్లులు గోదాలో గుప్పెళ్ళతో విసిరేదీ ఇందుకే. మన అమ్మమ్మలు దిష్టి తీసేదీ ఆ ఉప్పుతోనే.

ఒక దారి మళ్ళింపు

 1919 డిసెంబర్‌లో, ఉత్తరాన హొక్కాయిదోలో ఉంటున్న ఉయేషిబాకు తండ్రి ఆరోగ్యం బాగాలేదని కబురొచ్చింది. నేరుగా తనాబేలోని ఇంటికి వెళ్ళాల్సినవాడు, దారిలో అయాబే అనే ఊళ్ళో ఒమోతో పంథా గురువు ఒనిసాబురో దెగుచి ప్రార్థనలు చేయిస్తాడని విని అటు మళ్ళాడు. తీరా ఇల్లు చేరేసరికి తండ్రి పోయాడు. మరుసటి ఏడు ఆయన కుటుంబంతో సహా అయాబేకే మకాం మార్చాడు. షింతోలోంచి పుట్టిన ఈ కొత్త పంథాలోనే ఆయనకు ధ్యానం, మంత్రశబ్దం, శుద్ధి వంటబట్టాయి. అప్పటిదాకా ఆయన ఒక గట్టి జుజుత్సు వస్తాదు మాత్రమే.

ఐకిడోకు మలుపు బావి దగ్గర

1925లో ఒక నావికాదళ అధికారి చెక్క కత్తితో ఉయేషిబా మీదికి దిగాడు. ఆయన ఒక్క దెబ్బా కొట్టలేదు, తగలనివ్వనూ లేదు. అవతలివాడు అలిసి ఆగిపోయాక, చెమట కడుక్కుందామని బావి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నేల కంపించి, బంగారు వెలుగు తనను కమ్మేసినట్టయిందని తరవాత చెప్పుకున్నాడు. యుద్ధవిద్యకు మూలం ప్రేమేనని ఆ వేళ తనకు తట్టిందట. ఆ అనుభవాన్ని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు నచ్చింది మాత్రం ఆ నీళ్ళ బావి.

ఏయ్-హో అంటే హైలెస్సా

ఐకిడో నేర్చుకునేవాళ్ళు మొదట్లో పడవ నడుపుతున్నట్టు ఒక కసరత్తు చేస్తారు. కాలు ముందుకు వేసి, నడుముతో ముందుకూ వెనక్కూ ఊగుతూ, ‘ఏయ్-హో’ అని అరుస్తూ తెడ్డు లాగుతారు. దీని పేరు తోరిఫునె, అంటే పక్షిపడవ. పురాణాల్లో దేవతలు ఎక్కే పడవ పేరే ఇది. ఇది వ్యాయామం కోసం పుట్టలేదు. కవత్సురా బోంజి (1862–1929) అనే షింతో సాధకుడు నీళ్ళలో దిగేముందు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి క్రమబద్ధం చేసిన మిసోగి పద్ధతిలోది. దీని వెనకే ఫురితామ. రెండు అరచేతులూ గుల్లగా కలిపి బొడ్డు ముందు పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా ఆడిస్తారు. ఆత్మను కదిలించి చైతన్యపరచడమని అర్థం చెబుతారు.

మన పడవవాళ్ళ హైలెస్సాకు ఇంత వేదాంతం లేదు. కానీ పదిమంది ఊపిరిని ఒక్క తాళానికి తేవడంలో రెండూ ఒకటే.

నీళ్ళు లేని స్నానం

అన్ని మిసోగిలకూ జలపాతం అక్కర్లేదు. ఇనోఉయె మసాకనె (1790–1849) అనే గురువు ఊపిరితోనే శుద్ధి అన్నాడు. అధికారులకు నచ్చక ఆయన్ను మియాకే దీవికి ప్రవాసం పంపితే అక్కడే పోయాడు. ఆ బాటలో టోక్యోలోని ఇచికుకాయ్ అనే సాధనశాలలో మోకాళ్ళ మీద కూర్చుని, గంట ఆడిస్తూ, ‘తో-హో-కా-మి-ఎ-మి-తా-మె’ అనే ఎనిమిది అక్షరాలను గొంతు చించుకుని గంటల తరబడి అరుస్తారు. కొత్తవాళ్ళ వీపు మీద పాతవాళ్ళు చరుస్తుంటారు, ఊపిరి అడుగంటా బయటికి రావాలని. ఉయేషిబా ముఖ్యశిష్యుల్లో ఒకరైన కోయిచి తోహే (1920–2011) ఇక్కడ నలిగినవాడే. ఐకిడో పేరులోని ‘కి’ అంటే మన ప్రాణశక్తి లాంటిది. దాన్ని గురించి ఆయన తరవాత చెప్పిన పాఠాల వెనక ఈ ఊపిరి సాధనా ఉంది.

ఎదుటివాడే నీళ్ళు

అసలు విషయం ఇది. ఐకిడోలో జంటగా సాధన చేస్తారు. ఒకడు మీదికొస్తాడు, రెండోవాడు ఆ ఊపును అడ్డుకోడు, వెనక్కి నెట్టడు. పక్కకు తిరిగి, దానితో కలిసి, గుండ్రంగా తిప్పి నేల మీదికి దించుతాడు. పడేవాడు దెబ్బ తగలకుండా దొర్లి లేస్తాడు. నాలుగు మార్లయ్యాక పాత్రలు మారతాయి. పడేసినవాడే ఇప్పుడు పడాలి. ఉయేషిబా స్థాపించిన ప్రధాన సంప్రదాయంలో పోటీలు లేవు, పతకాలూ లేవు.

మనలో బిగుసుకున్న చోటు మనకు తెలియదు. ఎదుటివాడు మణికట్టు పట్టుకోగానే భుజం గట్టిపడుతుంది, ఊపిరి ఆగుతుంది, గెలవాలనే తొందర పుడుతుంది. ఆ బిగువే మైల. పట్టు పట్టిన ప్రతిసారీ అది బయటపడుతుంది, దాన్ని వదిలితే తప్ప పట్టు వదలదు. ఈ లెక్కన మన బిగువు పోగొట్టే ఏరు మన ఎదురుగా నిలబడ్డ మనిషే. నాకర్థమైనంతలో ఉయేషిబా స్నానమన్నది దీన్నే. చన్నీళ్ళకన్నా ఇది కష్టం, నీళ్ళు ఎదురు తిరగవు కదా.

నాలుగు చప్పట్ల వెనక

మామూలు షింతో గుళ్ళలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. ఇవామా సంప్రదాయపు ఐకిడో శాలల్లో మాత్రం నాలుగు చప్పట్లు. ఒమోతో నుంచి వచ్చిన అలవాటది. ఇవామా అంటే ఉయేషిబా 1942లో టోక్యో వదిలి సేద్యం చేసుకోవడానికి వెళ్ళిన పల్లె. ఐకిడో అన్న పేరు అధికారికమైంది కూడా ఆ ఏడే. అక్కడాయన కట్టించిన ఐకి గుడిలో ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 29న ఉత్సవం జరుగుతుంది. యుద్ధం తరవాత కొడుకు కిష్షోమారు విద్యను లోకమంతా పంచేటప్పుడు ఈ దేవతల భాషను చాలావరకు పక్కన పెట్టాడు. అందుకే ఏళ్ళ తరబడి ఐకిడో చేసినవాళ్ళలో కూడా మిసోగి మాట విననివాళ్ళుంటారు. ఆయన చేసింది సబబే. లేకపోతే ఈ విద్య జపాన్ దాటేది కాదు.

మిగిలిన గుర్తు చీపురు. సాధన అయ్యాక చిన్నాపెద్దా కలిసి శాల ఊడ్చి తుడుస్తారు.

కొలిమికీ శుద్ధి ఉంది

జపాన్‌లో సంప్రదాయంగా కత్తులు చేసే కమ్మరి స్నానం చేసి తెల్లబట్టలు కట్టి, కొలిమి చుట్టూ గడ్డితాడు కట్టి మొదలుపెడతాడు. ఇనుమును మడిచి మడిచి కొట్టి మడ్డి వదిలిస్తాడు. మన జంషెడ్‌పూర్‌లో ఈ పని సున్నపురాయి చేస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంలోని ఇసుకమట్టితో కలిసి స్లాగ్‌గా పైకి తేలుతుంది, బరువైన ఇనుము అడుక్కి దిగుతుంది. ఇక్కడ మొదటిసారి అలా ఇనుము కారింది 1911 డిసెంబర్‌లో.



 

ఖర్కాయీ నీళ్ళ కుండ

యుద్ధవిద్యా ఏటి శుద్ధీ కలిసిన చోటు కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు. జంషెడ్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అదే ఖర్కాయీ ఒడ్డున సరాయికెలా ఉంది. 2010లో యునెస్కో గుర్తించిన ఛౌ నృత్యాల్లో ఒకటి అక్కడిది. మాస్కు పెట్టుకుని లలితంగా ఆడే ఆ నాట్యానికి పునాది ఫరీఖండా అనే సాము. ఫరీ అంటే డాలు, ఖండా అంటే కత్తి. చైత్ర పర్వంలో ఆట మొదలయ్యే ముందు వ్రతం పట్టిన భక్తుడు ఖర్కాయీ నీళ్ళు నింపిన కుండ నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా శివాలయానికి చేరతాడు. నీళ్ళు గుడి చేరాకే అడుగు కదిలేది.

అచ్చుల మహిమ

ఉయేషిబా కొతొదామా అనే శబ్దశక్తిని గట్టిగా నమ్మేవాడు. అ, ఒ, ఉ, ఎ, ఇ అచ్చులను సాగదీసి పలకడం ఆయన సాధనలో భాగం. ఈ శబ్దభావన జపాన్ వాళ్ళ సొంతమే కానీ, వాళ్ళ అక్షరాల వరుస మాత్రం మనకు తెలిసినదే. బౌద్ధ సన్యాసులు చదువుకున్న సిద్ధం లిపి పుణ్యమా అని జపాన్ అక్షరమాల సంస్కృత వర్ణమాల క్రమాన్ని పట్టుకుంది. అచ్చులు అ ఇ ఉ ఎ ఒ. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ. మధ్యలో ఆ ‘హ’ తప్పుగా దూరినట్టుంది కదూ? ఒకప్పుడు దాని ఉచ్చారణ ‘ప’. అలా మార్చి ఇంకోసారి చదవండి: త, న, ప, మ, య, ర, వ.