వాడనే లేదు, మరి ప్యాడ్లు ఎందుకు మార్చాలి?

ఎయిర్‌పోర్టులోనో పెద్ద మాల్‌లోనో గోడకు 'ఏఈడీ' అని రాసిన పెట్టెను చూశారా? దాని మీద గుండె బొమ్మ, మధ్యలో మెరుపు గీత ఉంటాయి. గుండె లయ తప్పి గిలగిలా వణికిపోయి, మనిషి కుప్పకూలినప్పుడు, కరెంటు షాక్ ఇచ్చి గుండెను దారిలో పెట్టే యంత్రం అది. షాక్ ఒంట్లోకి వెళ్లేది ఛాతీకి అతికించే రెండు ప్యాడ్ల గుండానే. వాటిని ఒక్కసారి కూడా వాడకపోయినా, గడువు తీరగానే పారేసి కొత్తవి పెడతారు. దండగ కదూ?

అస్సలు కాదు. ప్యాడ్ అడుగున జిగురుగా, తడిగా జెల్ పూత ఉంటుంది. కరెంటుకు దారి ఇచ్చేది ఆ తడే. గాలి చొరబడని కవరులో ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ తడి ఆరిపోతుంది. ఎండలో నిలిపిన కారులో పెడితే ఇంకా త్వరగా! అప్పుడు పాత బొట్టుబిళ్ల నుదుటి మీద నిలవనట్టే, ప్యాడ్ అంచులు లేచిపోతాయి. మధ్యలో గాలి చేరితే షాక్ గుండెకు సరిగా అందదు, పైగా చర్మం కాలొచ్చు. షాక్ అవసరమా కాదా అని యంత్రం గుండె లయను గమనించేదీ ఈ ప్యాడ్లతోనే. అవి సరిగా అంటకపోతే ఆ పనీ కుదరదు.

అందుకే కంపెనీలు కవరు మీద గడువు తేదీ వేస్తాయి. మామూలుగా రెండు నుంచి ఐదేళ్లు. ఒకసారి అతికించినవి మళ్లీ పనికిరావు.

చాలా ఏఈడీ మోడళ్లలో అంతా బాగుంటే పచ్చ లైటు వెలుగుతుంది. ఎర్ర లైటు కనిపించినా, 'బీప్ బీప్' వినిపించినా అక్కడి సిబ్బందికి వెంటనే చెప్పండి.