వాహనంలోనికి పొగ: లోపం ఎక్కడ ఉన్నదో గుర్తించే విధానం

ఏటూరునాగారం: పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారిన ఏటూరునాగారం 163వ జాతీయ రహదారిపై ఉన్నది. రెండేళ్ళకొకమారు మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు ఛత్తీస్‌గఢ్ వైపు నుండి తరలివచ్చే భక్తులకు ఇదే మార్గం. జాతర రద్దీలో వాహనాలు ఇంజను ఆపకుండానే గంటల తరబడి నిలిచిపోతుంటాయి. చలికి అద్దాలు బిగించుకొని పిల్లలతో సహా లోపలే నిద్రించేవారు కూడా కనిపిస్తారు. పొగ లోనికి చేరే లోపమున్న వాహనంలో ఆ నిద్ర ప్రాణాంతకం కాగలదు.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. పెట్రోలు ఇంజనులో, ముఖ్యంగా వేడెక్కక ముందు, దీని ఉత్పత్తి అధికం. డీజిల్ ఇంజనులో తక్కువే గాని అసలు లేకపోలేదు. పొగలోని ఇతర పదార్థాల వాసన మనలను హెచ్చరించవచ్చును. అయితే ముక్కు కొద్దిసేపటికే దానికి అలవాటుపడుతుంది కనుక, వాసన తగ్గినంత మాత్రాన ప్రమాదం తొలగినట్లు కాదు.

కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం ఉన్నది గదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ పరీక్ష పొగగొట్టం చివర వెలువడే వాయువులను మాత్రమే కొలుస్తుంది. మధ్యలో గొట్టం చిల్లుపడి పొగ లోనికి చేరుతున్నదా అన్నది దానికి తెలియదు. ప్రయాణికుల వాహనాల పొగగొట్టం అమరిక గురించి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 114వ నియమం ప్రత్యేకంగా పేర్కొంటున్నది. కావున తనిఖీ అధికారులు ధ్రువపత్రంతో సరిపెట్టక, వాహనం కిందికి కూడా ఒకసారి వంగి చూడటం మేలు.

లోపాన్ని గుర్తించడానికి, వాసన ఎప్పుడు వస్తున్నదన్నదే మొదటి ప్రశ్న. లారీ వెనుక ఆగినప్పుడు మాత్రమే వస్తే అది ముందున్న వాహనం పొగ. బండి నిలిచి ఉండగా, ఏసీ బయటి గాలిని తీసుకొనేలా ఉంచినప్పుడు వచ్చి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కగానే తగ్గితే, ముందరి అద్దం దిగువనున్న గాలిదారి గుండా వస్తున్నట్లు భావించాలి. అప్పుడు బానెట్ కింద మేనిఫోల్డ్ ప్యాకింగును పరిశీలించవలసి ఉంటుంది. చల్లని ఇంజనును ప్రారంభించగానే టకటకమని శబ్దం వచ్చి, వేడెక్కిన పిదప ఆగిపోవడం, అతుకుల వద్ద నల్లని మసి చారలు కనబడటం ఇందుకు గుర్తులు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అతుకులపై సబ్బునీరు పూసి స్టార్టు చేస్తే లీకున్న చోట బుడగలు లేస్తాయి. ఇంజను ఆయిలు కారి వేడి మేనిఫోల్డ్‌పై పడినా మాడు వాసన వస్తుంది; అది వేరొక లోపం.

మీట నొక్కినా వాసన తగ్గకుంటే నేల, తలుపులు, డిక్కీ వైపు దృష్టి సారించాలి. ఈ ప్రాంతంలో ప్రయాణికులను కిక్కిరిసి ఎక్కించుకొని, సామాను పట్టక వెనుక తలుపును తాడుతో కట్టి నడిపే జీపులు కొత్త కాదు. పరుగెత్తే వాహనం వెనుక గాలి ఒత్తిడి తగ్గడం వలన పొగ అక్కడే సుడులు తిరిగి, తెరిచిన తలుపు గుండా లోనికి వస్తుంది. ఇట్టి వాహనంలో సైలెన్సర్ ఏ దోషం లేకున్నా పొగ చేరగలదు. డిక్కీ రబ్బరు బిగువును తెలుసుకోవడానికి ఒక కాగితాన్ని మధ్యన ఉంచి తలుపు మూసి లాగితే చాలు. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. గేరు రాడ్డు వద్ద తొడుగు, నేలలో తీగలు వెళ్ళే రంధ్రాల రబ్బరు బిరడాలు ఊడిపోయాయేమో కూడా చూడాలి. వాగులు దాటే వాహనాల సైలెన్సర్లు త్వరగా తుప్పుపట్టే అవకాశం ఉన్నందున, వాటిని వానాకాలం ముగిసిన వెంటనే పరీక్షింపజేయడం అవసరం.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత తొలి లక్షణాలు. ఘాట్‌లో వాంతులయ్యే వారిని చూచి అలవాటైన మనం దీనిని కూడా ప్రయాణపు బడలికగానే తలుస్తాము. ఒకే వాహనంలోని పలువురికి ఒకేసారి ఈ బాధ కలిగి, కిందికి దిగగానే నెమ్మదిస్తే అనుమానించవలసినది పొగనే. వెంటనే ఇంజను ఆపి, అందరినీ ఆరుబయటకు చేర్చి 108కు సమాచారమివ్వాలి. వేలికి తగిలించే సాధారణ ఆక్సీమీటర్ ఈ విషప్రభావాన్ని గుర్తించలేదు. ఆక్సిజన్ సక్రమంగా ఉన్నట్లే అంకె చూపుతుంది. అందుచేత పొగ సంగతిని రోగితో వచ్చినవారే వైద్యునికి చెప్పాలి.

నిలిచిన వాహనంలో మరణం సంభవించినప్పుడు పత్రికలలో "ఊపిరాడక మృతి" అని ముగించడం పరిపాటి. పంచనామా వ్రాసే అధికారులు, వార్త వ్రాసే విలేకరులు ఇంజను నడుస్తున్నదా, ఇంధనం అయిపోయి ఆగినదా, అద్దాలు, ఏసీ మీట ఏ స్థితిలో ఉన్నవి, సైలెన్సర్ పరిస్థితి ఏమిటి అన్న వివరాలను కూడా నమోదు చేస్తే, కారణం తేల్చడానికి మెకానిక్‌కు, వైద్యునికి ఆధారం దొరుకుతుంది.